పైవాళ్లకు అర్థం కాకపోతే తప్పు ఇంజనీర్‌దేనా?

గోదారిగట్టు:
మా ఆఫీసులో మళ్లీ అదే పాట. ఇంజనీర్లకు మాట్లాడడం రాదట, పైవాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నేర్చుకోవాలట. ట్రైనింగ్ కూడా పెట్టారు. నేనైతే ఒప్పుకోను. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు సంగతి చూడండి. 2018 ఏప్రిల్‌లో 50 లక్షల మందికి పైగా కస్టమర్ల ఖాతాలను పాత యజమాని లాయిడ్స్ బ్యాంకు కంప్యూటర్ సిస్టమ్ నుంచి కొత్తదానికి ఒక్క వారాంతంలో మార్చారు. లక్షల మందికి లాగిన్ కాలేదు, కొందరికైతే వేరేవాళ్ల ఖాతాలు కనబడ్డాయి. దీనిపై స్లాటర్ అండ్ మే అనే లా సంస్థ 2019లో నివేదిక ఇచ్చింది. కొన్ని పనులు 7 నెలలు వెనకబడి ఉంటే గడువు 4 నెలలే జరిపారు. అదెలా కుదురుతుందని బోర్డు అడగనే లేదు. ఈ లెక్కకు కోడింగ్ రావాలా?

పీఎం అక్క:
అది సగం కథేనండీ. అక్కడ రెండు డేటా సెంటర్లుంటే లోడ్ టెస్ట్, అంటే ఒకేసారి ఎంతమంది వస్తే తట్టుకుంటుందో చూసే పరీక్ష, ఒక్కదాని మీదే చేశారు. మనమైతే ఆ ముక్క స్లైడ్‌లో ఎలా పెడతాం? 'ఎన్‌ఎఫ్‌టీ పార్షియల్, అంబర్'. అంటే ఆ పరీక్ష పూర్తిగా కాలేదు, జాగ్రత్త అని. సీఈఓకి ఏం తెలుస్తుంది? 'రెండో సెంటర్ ఎంతమందిని మోస్తుందో చూడలేదు, సోమవారం పొద్దున జనం డబ్బు తీసుకోలేకపోవచ్చు' అని రాయండి. ఎవరైనా ఒక్క నిమిషం ఆగుతారు.

బెంచ్ మీద బావ:
అక్కా, అలా రాసినా పైకి చేరాలిగా! హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ క్లయింట్‌కి పనిచేసే ఆఫ్‌షోర్ టీమ్‌లో ఉన్నవాళ్లకు తెలుసు. బుధవారం రిపోర్టులో నేను రెడ్ పెడతా, ప్రమాదం అని. లీడ్ దాన్ని అంబర్ చేస్తాడు. గురువారం క్లయింట్ కాల్‌కి డెలివరీ మేనేజర్ గ్రీన్ చేసి, అంటే అంతా బాగే అని, పక్కన 'మిటిగేషన్ ఇన్ ప్లేస్' (ముప్పు తగ్గించే ఏర్పాటు ఉంది) అని తగిలిస్తాడు. ఆ మిటిగేషన్ ఏంటో నాకే తెలీదు. ఇందులో నా మాటతీరు తప్పేముంది?

గోదారిగట్టు:
బావ చెప్పిందే అసలు రోగం. టీఎస్‌బీకి 2022లో రెగ్యులేటర్లు 4.86 కోట్ల పౌండ్ల జరిమానా వేశారు. మరుసటి ఏడాది అప్పటి సీఐఓకి, అంటే బ్యాంకు టెక్నాలజీ విభాగం పెద్దకి, సొంతంగా 81,620 పౌండ్లు పడింది. కొత్త సిస్టమ్ నడపాల్సిన ఐటీ సంస్థ నిజంగా సిద్ధంగా ఉందో లేదో గట్టిగా తేల్చుకోలేదని.

పీఎం అక్క:
చూశారా, ఆ జరిమానా పడింది టెక్నాలజీ మనిషికే! బోర్డుకూ ఇంజనీర్లకూ మధ్య దూరం అని మనం కొట్టుకుంటున్నాం గానీ, టెక్నాలజీవాళ్లు ఒకరినొకరు నిలదీయకపోవడం కూడా ఉంది. నా మాట ఒక్కటే. గో లైవ్, అంటే సిస్టమ్‌ను జనానికి తెరవడం, నిర్ణయించే మీటింగ్‌లో టెస్ట్ చేసిన మనిషిని కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి, అన్నది అన్నట్టు మినిట్స్‌లో రాయండి. మధ్యలో రంగు మార్చేవాళ్లకు అప్పుడు చోటుండదు.

బెంచ్ మీద బావ:
కూర్చోబెడితే వస్తా అక్కా. కానీ ఆ మేనేజర్ ముందే 'సిద్ధంగా లేం' అనాలి, నా అప్రైజల్ రాసేది కూడా ఆయనే. మీ టీమ్‌లో ఎవరైనా అలా అన్నారా, అన్నాక ఏమైంది? అది చెప్పండి ముందు.