24×36 ప్రింటు బోర్డుకి అంటిస్తే గిన్నెలా వంగింది, రెండోది మిగిలి ఉంది

గోడమీదిబొమ్మ:
రెండు ప్రింట్లు తీయించాను. ఒకటి ఎలాగూ తగలేస్తానని నా మీద నాకంత నమ్మకం. అదే జరిగింది.

24×36 అంగుళాలు, ఇంక్‌జెట్, మందపాటి మ్యాట్ కాటన్ కాగితం. రెండు కాగితాల మధ్య ఫోమ్ ఉండే 5 మి.మీ. ఫోమ్ బోర్డుని ముందే సరిగ్గా ఆ కొలతకి కోసుకున్నాను. తెల్లజిగురులో నీళ్లు కలిపి, బ్రష్‌తో పూసి, ప్రింటు పరిచి, పాత తువ్వాలుతో రుద్దాను. రాత్రి చూసుకుని మురిసిపోయాను. తెల్లారేసరికి బోర్డు బొమ్మ వైపుకి గిన్నెలా లేచింది. బరువులు పెట్టాను, తీయగానే మళ్లీ లేచింది. ఒక పక్క 2 మి.మీ. తెల్లగీత, ఎదురు పక్క ప్రింటు బయటికి పొడుచుకొచ్చింది. ఫోమ్ అంచులైతే ఎలక కొరికినట్టున్నాయి. జిగురు మార్చాలా, బోర్డు మార్చాలా, మనిషినే మార్చాలా?

పాతబ్లేడు:
బోర్డు తప్పేం లేదండీ. నీళ్లు తాగిన కాగితం సాగుతుంది. సాగి ఉండగానే మీరు అంటించేశారు. ఆరేకొద్దీ అది ముడుచుకుంటూ బోర్డుని తనతో లాక్కుపోతుంది. ఫోమ్‌కి దాన్ని ఆపేంత బలం లేదు. బోర్డు వెనక కూడా అదే కాగితం, అదే జిగురుతో, అప్పుడే అంటిస్తే రెండు వైపులా లాగుడు సమానమై చాలావరకు నిలబడేది.

రెండోదానికి నీటి జిగురు జోలికి పోకండి. రెండు వైపులా జిగురుండే కోల్డ్ మౌంట్ ఫిల్మ్ తీసుకోండి. ప్రింటు తీసిన రోజే వద్దు, ఇంకులోని తడి పోవడానికి కనీసం ఒక రోజు ఆరనివ్వండి. ముందు ఫిల్మ్‌ని బోర్డుకి అంటించి, జిగురుని కప్పి ఉంచే దాని పైకాగితాన్ని రెండంగుళాలే ఒలిచి మడవండి. ప్రింటు అంచుని అక్కడ ఆనించి నొక్కాక, మిగతా కాగితాన్ని కింద నుంచి లాగుతూ రోలర్ నడపండి. అవతలి అంచుని ఇంకొకరు పైకెత్తి పట్టుకోవాలి. ఒంటరిగా చేసిన ప్రతిసారీ నాకు మధ్యలో బుడగే మిగిలింది.

అంతకుముందు టార్చి పక్కవాటుగా వేసి బోర్డుని చూడండి. ఒకసారి ఒక్క ఇసుక రేణువు వదిలేశాను. గ్లాసీ ప్రింటు, నిర్మలమైన నీలాకాశం, నడిమధ్యన మొటిమ. వచ్చినవాళ్లందరి చూపూ దాని మీదే.

ఇక ఎలక సంగతి. బ్లేడు ఎప్పుడు మార్చారు?

గోడమీదిబొమ్మ:
మార్చాలా?

పాతబ్లేడు:
అదే అనుకున్నాను. కట్టర్ బ్లేడు మొద్దుబారిన కొన విరిచి కొత్త అంచుతో మొదలుపెట్టండి, ఫోమ్ పీచులు లేస్తుంటే మళ్లీ విరవండి. ఒక్క దెబ్బకి తెగాలని చూడకండి. మొదటిసారి పై కాగితం మాత్రమే తెగాలి, రెండోసారి ఫోమ్, మూడోసారి అడుగు కాగితం. బ్లేడుని బాగా వాల్చి పట్టుకుంటే ఫోమ్ చిరగదు, కోసుకుపోతుంది.

అసలు మీరు వరస తిరగేశారు. బోర్డు ముందు కోసి, తర్వాత ప్రింటుని అంత కచ్చితంగా పరచడం నా వల్ల కూడా కాదు. చుట్టూ అంగుళం పెద్దదిగా ఉన్న బోర్డు మీద అంటించి, తర్వాత రెండూ కలిపి కోయండి. ప్రింటు అంచులో మూడు మి.మీ. పోయినా ఫరవాలేదనుకోండి. స్టీలు స్కేలు బొమ్మ మీదే ఉండాలి, కింద ఒక శుభ్రమైన కాగితం వేసి. అప్పుడు చెయ్యి జారినా గీత పడేది వ్యర్థం మీద. ఎడమ చేతి వేళ్లు మాత్రం స్కేలు అంచు దాటి రాకూడదు. ఈ మాట నా బొటనవేలు చెబుతోంది.

మూడోచెయ్యి:
స్ప్రే జిగురు కొడితే ఇంత తతంగం ఉండదు కదా?

పాతబ్లేడు:
చిన్న ప్రింట్లకి నేనూ కొడతాను. ఇంత పెద్దదానికి ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. కొన్నాళ్లకి మూలలు లేస్తాయి.

చదునుగోడ:
వంపు భయం పోవాలంటే 3 మి.మీ. అల్యూమినియం కాంపోజిట్ షీటు (రెండు పలచటి అల్యూమినియం రేకుల మధ్య ప్లాస్టిక్) చూడండి. దాన్ని ముందే కొలతకి కోయించుకోవాలి, చేతి కట్టర్‌తో ఫోమ్‌లా సులువుగా తెగదు. ప్రింటు చుట్టూ కాస్త ఎక్కువుంచి అంటించి, బోర్లా తిప్పి కటింగ్ మ్యాట్ మీద పెట్టి, షీటు అంచునే స్కేలు చేసుకుని మిగిలిన కాగితం కోసేయండి. ఫోమ్ బోర్డుతో ఇది చేయకండి, బ్లేడు మెత్తటి అంచులోకి దిగిపోతుంది. ఇంకొకటి: ఏ బోర్డయినా సరే, ఇలా అంటిస్తే మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. ఇంకో ప్రతి లేని పాత ఫోటో అయితే అంటించకండి.

గోడమీదిబొమ్మ:
పాడైన బోర్డుని నిన్న 20×30కి కోసి సాధన చేశాను. మొదటిసారి ఒక మూల నుంచి ఎదురు మూలకి, మళ్లీ రెండోవైపు టేపుతో కొలిస్తే 4 మి.మీ. తేడా, అంటే మూలలు లంబంగా లేవు. రెండు మూలకొలతలూ కలిసేదాకా తగ్గిస్తూ పోతే అది 17×26 అయింది. అంచులు మాత్రం వెన్నలా తెగాయి, బ్లేడు మూడుసార్లు విరిచాను. ఫోమ్ బోర్డుతోనే ఇంకోసారి చేస్తాను. సాయంత్రం అన్నయ్య వస్తున్నాడు, అవతలి అంచు పట్టుకోవడానికి. టార్చి చార్జింగ్‌లో పెట్టాను.