క్షమాపణ కావాలి, పునరుత్థానం నమ్మలేను: బాప్తిస్మం తీసుకోవచ్చా?

కొత్తగా_చేరా
మాది హిందూ కుటుంబం. పెళ్లయ్యాక మా ఆవిడతో పాటు ఆదివారాలు చర్చికి వెళ్లడం అలవాటైంది. ఎవరూ బలవంతపెట్టలేదు. ముందే చెప్తున్నా, దయచేసి ఆ గొడవలోకి దిగకండి. ఈ ఈస్టరుకి బాప్తిస్మం తీసుకుందామా అని ఆలోచన.

పొలం దగ్గర మా అన్నయ్యకీ నాకూ మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. తప్పు ఎక్కువ నాదే. ఆయన కబురు పంపినా వెళ్లలేదు. ఆ తర్వాత ఆయన పోయాడు. "నీ పాపాలు క్షమించబడ్డాయి" అని చర్చిలో వింటే మనసు తేలికపడే మాట నిజం. కానీ చనిపోయిన మనిషి మూడో రోజు లేచాడంటే నా బుర్ర ఒప్పుకోదు. మా చర్చి పాస్టరు అయ్యగారికి ఉన్నదున్నట్టు చెప్పా. "మొదటిది కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు బాబూ" అన్నారు. బైబిల్లో మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయం చదవమన్నారు. క్రీస్తు లేవకపోతే మీ విశ్వాసం వ్యర్థం, మీరింకా మీ పాపాల్లోనే ఉన్నారు అని పౌలు రాశాడు అక్కడ. ఎందుకలా? క్షమించడానికి సిలువ చాలదా?

బెజవాడ_హేతువాది
సిలువ కూడా అక్కర్లేదు. మనిషిని మనిషి క్షమిస్తాడు. దానికి ఖాళీ సమాధి ఎందుకు? మార్కు సువార్త పాత ప్రతుల్లో 16వ అధ్యాయం 8వ వచనంతో ఆగిపోతుంది. సమాధి దగ్గరికెళ్లిన ఆడవాళ్లు భయపడి పారిపోయారు, ఎవరితోనూ ఏమీ చెప్పలేదు, అంతే. లేచిన యేసు కనిపించే వచనాలు తర్వాత కలిపినవి. పునాదే ఇలా ఉంటే దాని మీద మీ అన్నయ్య విషయంలో క్షమాపణని నిలబెట్టడం ఏమిటి?

పద్యాల_పిచ్చి
బెజవాడ గారితో నాకు మామూలుగా పడదు గానీ ఈసారి ఆయన వైపే. మన భాగవతంలో ద్రౌపది లేదా? ఐదుగురు కొడుకుల్ని నిద్రలో నరికిన అశ్వత్థామని అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే "నీ చేతులెట్లాడెనో" అని అడిగింది. పోతన రాసిన ఆ పద్యం స్కూల్లో అందరం బట్టీ పట్టాం. ఆ వెంటనే వదిలేయమంది. నాలా వీడి తల్లి ఏడవకూడదు అంది. పిల్లలు తిరిగి లేస్తారని ఆశపడి అన్న మాట కాదది. ఇంకో తల్లి కడుపుకోత ఊహించుకుని అన్నది. దీన్ని మించిన క్షమ చూపించండి.

ఆదివారం_మాస్టారు
మించినది చూపించలేను, చూపించక్కర్లేదు కూడా. ద్రౌపది మాటకి నేనూ దండం పెడతా. కానీ కొత్తబాబు ప్రశ్న వేరు. ఆయన ద్రౌపది చోట లేడు, క్షమించాల్సినవాడు కాదు. క్షమాపణ కావాల్సినవాడు, అడుగుదామంటే మనిషి లేడు.

సిలువ చాలదా అన్నారు. మన చర్చిల సంగతి చూడండి. గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద అన్న ఏడు మాటలకి మూడు గంటలు కదలకుండా కూర్చుంటాం. ఈస్టరు నాడు తెల్లారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తాం, పూలు పెడతాం, ఇంటికొచ్చి బిర్యానీ తింటాం. అందుకే క్షమాపణ శుక్రవారంతోనే అయిపోయిందనుకుంటాం, అప్పు తీరగానే నోటు చించేసినట్టు. పౌలు అలా విడదీయలేదు. మన అపరాధాల కోసం అప్పగించబడ్డాడు, మనం నీతిమంతులుగా తీర్చబడటానికి లేపబడ్డాడు అని రోమా పత్రికలో ఒకే వాక్యంలో రాశాడు.

నాకు అర్థమైంది ఇది. క్షమించే హక్కు దెబ్బ తిన్నవాడిది. వాడు చచ్చిపోతే ఆ హక్కు ఇంకెవరి చేతికీ రాదు. యేసు శిష్యుడు పేతురునే తీసుకోండి. ప్రధానయాజకుడి ఇంటి ముంగిట్లో చలి కాచుకుంటూ యేసు ఎవరో నాకు తెలీదని మూడుసార్లు అన్నాడు. మర్నాడు యేసుని సమాధిలో పెట్టేశారు. కథ అక్కడ ఆగితే పేతురు ఎవరి దగ్గరికెళ్లి ఏడవాలి? యోహాను 21లో తిబెరియ సముద్రం ఒడ్డున మళ్లీ బొగ్గుల నిప్పులు, వాటి మీద చేపలు. లేచిన యేసు పేతురుని ఆ రోజు ఎందుకలా అన్నావని ఒక్కసారి కూడా అడగడు. నన్ను ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, గొర్రెల్ని మేపమని అప్పజెప్తాడు. ఆ మాట తిరిగొచ్చినవాడే అనాలి. ఆయన రాకపోతే, క్షమించే ఉంటాడులే అని పేతురు తనకు తాను చెప్పుకోవడమే.

బెజవాడ_హేతువాది
మాస్టారూ, మీ ఏడు మాటల్లో మొదటిదే మర్చిపోయారు. "తండ్రీ, వీరిని క్షమించుము" అన్నది సిలువ మీద, ప్రాణంతో ఉండగా. దెబ్బ తిన్నవాడు బతికుండగానే ఆ పని చేసేశాడు కదా. ఇక లేవాల్సిన పనేముంది?

ఆదివారం_మాస్టారు
మంచి దెబ్బే కొట్టారు. అయితే అది ప్రార్థన. "నేను క్షమిస్తున్నా" అనలేదు, క్షమించమని తండ్రిని అడిగాడు. ఆ ప్రార్థన అంగీకరించబడిందా లేదా అన్నది శుక్రవారం సాయంత్రానికి ఎవరికీ తెలీదు. ఆదివారం దానికి జవాబు.

నైట్_డ్యూటీ_సిస్టర్
గ్లాడిస్ స్టెయిన్స్ గారి మాట ఎవరూ ఎత్తలేదేం? 1999 జనవరిలో ఒడిశా మనోహర్‌పూర్‌లో ఆవిడ భర్త గ్రాహం స్టెయిన్స్‌నీ, ఇద్దరు చిన్న కొడుకులు ఫిలిప్, తిమోతిలనీ బండిలో నిద్రపోతుండగా తగలబెట్టారు. ఆయన అక్కడి కుష్ఠు రోగుల మధ్య ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసిన మనిషి. అంత్యక్రియల్లో ఆవిడా, కూతురు ఎస్తేరూ నిలబడి పాడింది పునరుత్థానం పాట, ఆయన సజీవుడు కనుక రేపటిని ఎదుర్కోగలనని. చంపినవాళ్లని క్షమించానంది. ఆస్ట్రేలియా వెళ్లిపోకుండా 2004 దాకా బారిపదలోనే ఉండి ఆ రోగుల్ని చూసుకుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆవిడ క్షమించిందని కేసు ఆగలేదు. తగలబెట్టిన గుంపు నాయకుడు దారా సింగ్‌కి 2003లో ఉరిశిక్ష పడింది, 2005లో హైకోర్టు యావజ్జీవంగా మార్చింది, 2011లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. మన సంఘాల్లో మొగుడు కొట్టాడని ఏడుస్తూ వచ్చిన పిల్లకి "క్షమించమ్మా, ప్రభువు క్షమించలేదా" అని చెప్పి ఇంటికి పంపే పెద్దలు ఈ రెండో ముక్క కూడా వినాలి.

తెనాలి_ప్లీడరు
థ్యాంక్స్ సిస్టర్. ఆ మాట కోసమే చూస్తున్నా. నేనూ చర్చి మనిషినే, కాబట్టి ఇది బయటి నుంచి వేస్తున్న రాయి కాదు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. మా వైపు పేటల్లో ఈస్టరు ప్రసంగంలో "మనం కూడా క్షమించాలి" అని వినిపించినప్పుడల్లా నా కడుపు మండుతుంది. ఎవరి తరఫున క్షమించాలి? తప్పు చేశామని ఎవరన్నా ఒప్పుకున్నారా? మాస్టారే అన్నారుగా, హక్కు దెబ్బ తిన్నవాడిదని. ఆ ఎనిమిది మంది మాట్లాడేదాకా వాళ్ల పేరు చెప్పి క్షమించే అధికారం అయ్యగారికీ లేదు, నాకూ లేదు.

అయినా పునరుత్థానం నమ్ముతా. అసలు అందుకే నమ్ముతా. లేచినవాడి చేతుల్లో మేకుల గాయాలు మానిపోలేదు. శిష్యుడు తోమాకి చూపించాడు. "మీకు సమాధానం కలుగుగాక" అన్న నోటితోనే గాయాలు చూడమన్నాడు. యేసుని చంపినవాళ్లు ఇచ్చిన తీర్పుని దేవుడి పై కోర్టులో కొట్టేశారని ఈస్టరుకి నేను చెప్పుకునే అర్థం. కొట్టేయకపోతే, కోర్టులు మర్చిపోయిన మనుషులు ఎప్పటికీ మర్చిపోబడినట్టే. అది నేను ఒప్పుకోలేను.

బెజవాడ_హేతువాది
ప్లీడరు గారూ, మీ బాధకి విలువిస్తా. కానీ ఒప్పుకోలేకపోవడం వేరు, జరగడం వేరు. మీకు అవసరం గనక అది జరిగిందంటే ఏ కోర్టు ఒప్పుకుంటుంది?

తెనాలి_ప్లీడరు
ఏ కోర్టూ ఒప్పుకోదు. నేను సాక్ష్యం చెప్పలేదు, ఎందుకు పట్టుకుని ఉన్నానో చెప్పా.

ఆదివారం_మాస్టారు
సాక్ష్యం కావాలంటే ఆ 15వ అధ్యాయమే. సుమారు క్రీ.శ. 55లో రాసిన ఉత్తరం. అప్పటికి జరిగి పాతికేళ్లు. కేఫాకీ (అంటే పేతురుకీ), యాకోబుకీ, ఐదొందల మందికి పైగా సహోదరులకీ కనిపించాడు, వాళ్లలో చాలామంది ఇంకా బతికే ఉన్నారు అని పేరు పెట్టి రాశాడు.

బెజవాడ_హేతువాది
ఐదొందల మందిలో ఒక్కరి పేరూ లేదు. అంతకుమించి ఈ దారిలో వాదిస్తే తెల్లారుతుంది, వదిలేద్దాం.

పద్యాల_పిచ్చి
కొత్తబాబు గారు మాయమైపోయారు.

కొత్తగా_చేరా
ఉన్నానండీ, చదువుతూనే ఉన్నా. పేతురు సంగతి నేను ఎప్పుడూ అలా చూడలేదు. నిజం చెప్పాలంటే మార్కు పాత ప్రతులు, ఐదొందల మంది, ఇవేవీ నన్ను అంతగా పట్టలేదు. అడగడానికి మనిషి లేడు అన్న మాట దగ్గరే ఆగిపోయా.

తెనాలి_ప్లీడరు
ఒక్క ప్రశ్న, ఏమీ అనుకోకండి. ఆ పొలం ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?

కొత్తగా_చేరా
నా పేరు మీదే.

నైట్_డ్యూటీ_సిస్టర్
వదినగారు ఉన్నారా? పిల్లలు?

కొత్తగా_చేరా
వదిన ఉంది. ఇద్దరు పిల్లలు, చదువుకుంటున్నారు.

తెనాలి_ప్లీడరు
బైబిల్లో పన్నులు వసూలు చేసే జక్కయ్య, యేసు తన ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది లెక్కల సంగతి. అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మీరు నాలుగింతలు ఇవ్వక్కర్లేదు. పాస్‌బుక్, పాత దస్తావేజులు తీసుకుని మీ ఊళ్లో ఎవరన్నా ప్లీడరుకి చూపించండి. పంపకం రాయాలో, సెటిల్‌మెంట్ దస్తావేజు చాలో ఆయన చెప్తాడు. రిజిస్ట్రేషన్ కన్నా ముందు వదినగారి ఇంటికి వెళ్లండి.

బెజవాడ_హేతువాది
చూశారా, ఇందులో ఎక్కడా ఖాళీ సమాధి అవసరం పడలేదు.

కొత్తగా_చేరా
పొలానికి పడలేదు బాబాయ్, ఒప్పుకుంటా. వెళ్తా, వదినతో మాట్లాడతా. కానీ వదిన సరే అన్నంత మాత్రాన అన్నయ్య సరే అన్నట్టు కాదుగా, మాస్టారు అన్నదీ అదే. యోహాను 21 మళ్లీ చదువుతున్నా. ఈస్టరు సంగతి అయ్యగారికి ఇంకా ఏమీ చెప్పలేదు.