ఎండిన కట్టె తూకానికి అమ్మాలా, కొలతకి అమ్మాలా? తరుగు లెక్క తెలియక నష్టపోతున్నాను

కొత్తబండి:
నమస్కారం అండీ. దుంగలు కొని, కోసి, చీల్చి, ఎండబెట్టి ఇళ్ళకి చేరవేసే పని మొదలుపెట్టాను. ఒక చిన్న ట్రాలీ బండి, ఒక ఛైన్ సా, సాయానికి ఒక మనిషి ఉన్నారు. దుంగలు టన్నుల లెక్కన కొంటాను, కట్టెలు కూడా టన్నుల లెక్కనే అమ్ముతాను. ఇబ్బందేమిటంటే, కొన్నప్పుడు కాటా వేసిన సరుకు ఎండాక మళ్ళీ వేస్తే సగానికి కాస్త పైన మాత్రమే తూగుతోంది. పోనీ తొందరగా అమ్మేద్దామంటే "మండట్లేదు, ఇల్లంతా పొగ" అని ఫోన్లు వస్తున్నాయి. కొందరు లోడు దించగానే "ఇంతేనా?" అంటున్నారు. బండి కిరాయి ధరలోనే కలపాలా, విడిగా చెప్పాలా అన్నది కూడా తేలడం లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, నిజంగా టెన్షన్‌గా ఉంది.

అడితిపని:
మీ కాటాలో తేడా ఏమీ లేదండి, పోయింది నీళ్ళే. అప్పుడే నరికిన చెట్టులో బరువులో సగం దాకా నీరు ఉండొచ్చు. అలాంటి దుంగలు 1000 కిలోలు కొన్నారంటే 500 కిలోలు కట్టె, 500 కిలోలు నీళ్ళు. బాగా ఎండిన కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఆ 500 కిలోల కట్టె 20 శాతం తేమతో తూగేది 625 కిలోలు. అంటే 375 కిలోలు గాలిలో కలిసిపోయాయి. కొనేటప్పుడు తేమ 40 శాతం ఉంటే చేతికొచ్చేది 750 కిలోలు. దుంగలు బేరమాడే ముందే ఈ లెక్క వేసుకోండి. కొన్న ధరను 1000తో కాదు, ఆ 625తోనో 750తోనో భాగించాలి. కోత, చీలిక, రంపపు పొట్టు కింద పోయేది, కూలీ అన్నీ దాని మీద పడతాయి.

తూకానికి అమ్మితే పచ్చి కట్టె అమ్మేవాడికి లాభం, ఓపికగా ఎండబెట్టినవాడికి నష్టం. అందుకే నేను ఇళ్ళకి పేర్చిన కొలతకే అమ్ముతాను. ఎండితే కట్టె కొంచెం ముడుచుకుంటుంది కానీ బరువు తగ్గినంతగా కొలత తగ్గదు. నా బండి తొట్టి లోపల 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. అంచు వెంట ప్రతి అడుగు ఎత్తుకి రంగుతో గీతలు పెట్టాను. 2 అడుగుల గీత దాకా పేరిస్తే 80 ఘనపుటడుగులు. దించక ముందే కొనేవాళ్ళకి ఆ గీత చూపిస్తాను.

"ఇంతేనా" అన్న మాట ఎక్కడ పుడుతుందంటే, బండిలో గుమ్మరించిన కట్టె పేర్చినదానికంటే ఒకటిన్నర రెట్లు చోటు తీసుకుంటుంది. నిండుగా కనబడిన లోడు ఇంట్లో పేర్చగానే చిన్నదైపోతుంది. అమెరికాలో కార్డ్ అని ఒక కొలత ఉంది, 4 అడుగుల ఎత్తు, 4 అడుగుల లోతు, 8 అడుగుల పొడవు పేర్చిన వరస, 128 ఘనపుటడుగులు. అందులో కూడా అసలు కట్టె 80, 90 ఘనపుటడుగులే, మిగిలింది సందులు. కాబట్టి "పేర్చిన కొలత" అనో "గుమ్మరించిన కొలత" అనో బిల్లు మీద రాయండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఎండబెట్టడం దగ్గర మాత్రం తొందరపడకండి. కట్టెలో నీరు పక్కల నుంచి కంటే కోసిన కొసల నుంచి చాలా వేగంగా బయటికి పోతుంది, పది రెట్లకు పైనే. అందుకే పొట్టిగా కోయడం ముఖ్యం, ఆ తర్వాత చీల్చడం. దుంగగా ఏడాది పడి ఉన్నా లోపల పచ్చిగానే ఉంటుంది. నేల తగలకుండా కింద దిమ్మెలు వేసి, ఒకే వరసగా, కొసలు గాలికి ఎదురుగా పేర్చండి. పట్టా పైన మాత్రమే కప్పాలి. పక్కలు కూడా మూసేస్తే తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. తేలిక జాతులు ఆరు నెలల్లో తయారవుతాయి, చేవ గట్టిగా ఉన్నవాటికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్ళు. వరస చివర సుద్దతో చీల్చిన నెల రాసిపెట్టుకోండి.

తేమ కొలిచే మాయిశ్చర్ మీటర్ ఒకటి కొనండి. పైన గుచ్చి చూస్తే పొడిగానే చూపిస్తుంది. ఒక పేడును, అంటే చీల్చిన ముక్కను, అప్పటికప్పుడు మళ్ళీ చీల్చి, ఆ కొత్త ముఖం మధ్యలో, నార వెంబడి రెండు సూదులూ గుచ్చాలి. ఇంకొకటి, ఈ మీటర్లలో ఎక్కువ భాగం పొడి కట్టె బరువు మీద శాతం చూపిస్తాయి. మనం పైన చెప్పుకున్నది నీళ్ళతో కలిపిన మొత్తం బరువు మీద శాతం. మీటర్ మీద 25 వస్తే ఆ లెక్కలో అది 20.

తేమ గురించి ఇంతగా చెప్పడానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. పచ్చి కట్టె వేడిలో కొంత తన నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది. మంట చల్లబడి పొగ పెరిగి, ఆ పొగ పొయ్యి గొట్టంలో తారులా పేరుకుంటుంది. ఆ తారు ఒకరోజు అంటుకుంటుంది. మన సరుకు వల్ల ఒకరి ఇల్లు ప్రమాదంలో పడకూడదు. రంగు వేసిన చెక్కలు, పురుగు పట్టకుండా మందు పట్టించిన చెక్కలు ఎవరు ఊరికే ఇచ్చినా లోడులో కలపకండి. పాత మందు చెక్కల్లో ఆర్సెనిక్ ఉంటుంది, అది పొగలోకీ బూడిదలోకీ వస్తుంది.

లోడు_డ్రైవర్:
కిరాయి విడిగానే చెప్పండి సార్. పక్క వీధికీ, ఊరి చివరికీ ఒకే ధర అంటే దగ్గరివాళ్ళు దూరంవాళ్ళ కిరాయి కట్టినట్టు. ఖాళీగా తిరిగొచ్చే దూరం కూడా లెక్కలో వేయాలి. గుమ్మం ముందు దించడం ఒక రేటు, పెరట్లోకి మోసి పేర్చడం ఇంకో రేటు. ఫోన్‌లోనే అడగండి: సందు ఎంత వెడల్పు, పైన కరెంటు తీగలు ఉన్నాయా, నేల మెత్తగా ఉందా. చక్రాలు దిగబడితే ఆ రోజు పని పోయినట్టే.

తొట్టి నిండింది కదా అని బండి మోస్తుందనుకోవద్దు. గట్టి జాతి పచ్చి కట్టె పేర్చిన ఘనమీటరే 600, 700 కిలోలు ఉంటుంది. బ్రేకు వేసినా బండి ఆగదు. ఎక్కడ నరికారో చూపే కాగితం కూడా బండిలో ఉంచుకోండి.

పొయ్యిదగ్గర:
కొనేవాడిగా నా మాట వేరు. కొలత అంటే వంకర కట్టెలు వదులుగా పేర్చి ఇచ్చినవాళ్ళను చూశాను. పైగా తేలిక కట్టెకీ గట్టి కట్టెకీ ఒకే కొలత ఎలా న్యాయం? నాకు తూకమే నమ్మకం.

అడితిపని:
మీరు అడిగినదాంట్లో న్యాయం ఉంది. 20 శాతం తేమ ఉన్న కిలో కట్టెలో, ఏ జాతిదైనా, కరెంటు లెక్కలో దాదాపు 4 యూనిట్ల వేడి ఉంటుంది. సగం నీళ్ళున్న కిలోలో రెండుకు కాస్త పైన. కాబట్టి తేమ తెలిస్తే తూకమే సరైన లెక్క, తేమ తెలియకపోతే తూకం కొనేవాళ్ళని ముంచుతుంది. కొలతకి అమ్మేటప్పుడు జాతి పేరు తప్పకుండా చెప్పాలి, గట్టి కట్టెకి ధర వేరుగా ఉండాలి. సొంత కాటా ఉన్న పెద్ద కొనుగోలుదారులకి నేను కూడా తూకానికే ఇస్తాను, వాళ్ళ ఎదురుగా పేడు చీల్చి మీటర్ చూపించి, ఆ అంకె బిల్లు మీద రాసి.

కొత్తబండి:
చాలా థాంక్స్ అండీ. ఇప్పుడు నా దగ్గర సగం ఎండిన సరుకు ఉంది, మీటర్ 35 దాకా చూపిస్తోంది. దాన్ని ఏం చేయను?

అడితిపని:
ఎండిన దాంట్లో కలపొద్దు. "ఇప్పుడు కాల్చడానికి కాదు, వచ్చే ఏడాదికి" అని చెప్పి తక్కువ ధరకి పెట్టండి. పెరట్లో చోటు ఉన్నవాళ్ళు సంతోషంగా తీసుకుంటారు, మీకు దుంగల డబ్బు కొంత ముందే తిరిగొస్తుంది. కానీ పురుగు తొలిచిన రంధ్రాలో చెదలో కనబడితే ఆ సరుకు దూరప్రాంతాలకి పంపకండి, దగ్గర్లోనే కాల్చేసేవాళ్ళకి ఇచ్చేయండి.