సమస్య: “ఎండినట్టి పెన్న నిండి పారె” – వాన లేకుండా పూరించండి

నిర్వాహకుడు, కడప:
అందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందరి మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి.

ఎండినట్టి పెన్న నిండి పారె

ఎ, ని అక్షరాలకు యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) కుదరలేదని ఎవరూ టెన్షన్ పడొద్దు. ఎండి–నిండి, ప్రాసయతి ఉంది, అంటే ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలిశాయి.

షరతు ఒకటే. పద్యంలో వాన పడకూడదు, డ్యాం గేట్లు ఎత్తకూడదు. నంది కొండల్లో వాన పడి, తెల్లారేసరికి తాడిపత్రి దగ్గర నీళ్లు వచ్చాయంటే సమస్య విడిపోతుంది గాని అందులో కవి చేసిన పనేమీ ఉండదు. ఈసారి పెన్న ప్రతీక కావాలి. ఏరు ఏరుగా ఉంటూనే ఇంకోటి కూడా కావాలి. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ చదివినవాళ్లకు నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. అందులో ఎండిపోయింది ఒక్క ఏరే కాదు, సీమ బతుకు.

పాదం చివర విసంధిని, అంటే సంధి కలపకపోవడాన్ని, లెక్కపెట్టం. గణాలు, యతి మాత్రం తప్పకూడదు. ఇంకో మాట. మొహమాటం లేని విమర్శకుడు రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) ‘సంవేదన’ పత్రిక నడిపిన ఊరు ఇది. మొహమాటానికి బాగుందనొద్దు. ఎక్కడ బాగుందో, ఎక్కడ లేదో చెప్పండి.

గండికోట:

కార్తికంపు రేయి గట్టుల నడుమను
ఇసుకమీద తెల్ల ముసుగు పరచి
వెన్నెలంత కురిసె వేకువ దాకను
ఎండినట్టి పెన్న నిండి పారె

అయ్యవారు, ప్రొద్దుటూరు:
నడక హాయిగా ఉంది నాయనా. ఇసుక–ముసుగు ప్రాసయతి చక్కగా పడింది. అయితే వాన వద్దంటే వాన క్రియను దొడ్డిదారిన తెచ్చావు. ‘కురిసె’ తీసేసి ‘యొలికె’ అను, గణం చెడదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇది ఉత్ప్రేక్ష. వెన్నెల నీళ్లలాగా తోచింది, అంతవరకే. తెల్లారితే నీ పెన్న మళ్లీ ఉత్త ఇసుకే. ప్రతీక అన్నది తెల్లారినా ఉండాలి.

గండికోట:
మార్చుకుంటాను అయ్యవారూ. ఒలికె అంటేనే బాగుంది. గట్టు మీద నిలబడి చూసిన రాత్రి అట్లే అనిపించింది, రాసేశాను.

చెయ్యేటి గట్టు, రాజంపేట:

ఏడు వత్సరముల యెదురుచూపు పిదప
గల్ఫు నుంచి వచ్చె కన్నతండ్రి
గడపలోన నిలువ కన్నుల వెంబడి
ఎండినట్టి పెన్న నిండి పారె

పినాకిని, తాడిపత్రి:
కన్నీళ్లను ఏరుతో పోల్చడం చాలా పాతది అక్కా. సినిమా పాటల్లో కూడా అరిగిపోయింది.

చెయ్యేటి గట్టు:
పోలిక పాతదే తమ్ముడూ, ఒప్పుకుంటాను. మా వైపు గల్ఫు అంటే కువైటే. ఇంటికొకరు పోయిన వీధులున్నాయి. మా పక్కింటామె అన్నేళ్లలో ఒక్కసారి కూడా ఏడవగా నేను చూడలేదు. పిల్లల్ని బడికి పంపేది, ఫోన్ వస్తే నవ్వుతూ మాట్లాడేది. నేను రాయాలనుకున్నది నీళ్ల గురించి కాదు, ఆ ఎండిపోవడం గురించి.

అయ్యవారు:
అయితే నీ పద్యంలో బలమంతా ‘ఎండినట్టి’ దగ్గరే ఉంది. చదివేవాళ్లు ‘నిండి పారె’ దగ్గర ఆగుతున్నారు, అందుకే పాతగా తోస్తోంది. మొదటి పాదంలో ‘ఎదురుచూపు’ అని సూటిగా అనేశావు. ఆ చోట ఆమె ఏడవలేదన్న సంగతి ఏదో ఒక పనిలో కనబడి ఉంటే పద్యం ఇంకో మెట్టెక్కేది. ‘గడప’ మాత్రం గొప్పగా కుదిరింది. తిరుమలకు గడప కాబట్టే మన ఊరు కడప అయిందని చెప్పుకుంటాం కదా. ఆయన వచ్చి నిలబడింది ఇంటి గడపలోనూ, ఈ గడపలోనూ.

పినాకిని:
నాది కూడా చూడండి.

లారి వెంట లారి లైనుగా కదలగ
ఇసుక నిండ పోసి మసక వేళ
మేము చూడ చూడ మెల్లగా నగరికి
ఎండినట్టి పెన్న నిండి పారె

గండికోట:
అబ్బా! ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను.

చెయ్యేటి గట్టు:
లా–లై యతికి ‘లైను’ భలే దొరికింది. కానీ ‘మసక వేళ’ ప్రాసయతి కోసం తెచ్చిందేమో అనిపిస్తోంది. పైగా ‘నిండ’, ‘నిండి’ రెండుసార్లు వచ్చాయి.

పినాకిని:
మసక వేళ కల్పించింది కాదక్కా, అవి కదిలేది అప్పుడే. తడి ఇసుక కదా, లోడు కింద నుంచి నీళ్లు కారతా ఉంటాయి. ఏటి దారి నుంచి మెయిన్ రోడ్డు దాకా వేలెడు వెడల్పున తడి గీత పడుతుంది. పొద్దున మేం బడికి పోయేటప్పటికి ఆ గీత ఇంకా ఆరి ఉండేది కాదు. ఈ పద్యం నాకు తట్టింది ఆ గీత గుర్తొచ్చే.

అయ్యవారు:
అలంకారశాస్త్రంలో లక్షణకు పాత ఉదాహరణ ఒకటుంది, ‘గంగాయాం ఘోషః’. గంగలో గొల్లపల్లె అని. నీళ్ల మీద పల్లె ఉండదు కనక గంగ అంటే గంగ ఒడ్డు అని అర్థం మార్చుకుంటాం. మరి ఒడ్డున అని నేరుగా అనొచ్చు కదా, గంగలో అనడం దేనికి? ఆ పల్లెకు గంగ చల్లదనం, గంగ పావనత్వం అంటాలని. ఆ మిగిలేదే వ్యంగ్యం, అంటే చెప్పకనే స్ఫురించే అర్థం.

పినాకిని పద్యాన్ని దాని పక్కన పెట్టి చూడండి. ఎండిన ఏరు నగరానికి పారడం జరగదు. కాబట్టి పెన్న అంటే పెన్నలోని ఇసుక అని సర్దుకుంటాం. కానీ ‘ఇసుక పోయె’ అని రాసుంటే వార్త అయ్యేది. ‘పెన్న పారె’ అన్నాడు కనక ఏరే మన చేయి దాటి పోయిందన్న బాధ మిగిలింది. ‘పారె’ క్రియలో పారిపోవడం కూడా వినబడుతోంది. సమస్య ఇచ్చినాయన కూడా ఆ అర్థం ఊహించి ఉండడు.

రెండు ‘నిండ’లూ ఉండనీ. లారీ నిండడం, ఏరు నిండడం ఇక్కడ ఒకటే అయ్యాయి.

నిర్వాహకుడు:
నిజమే అయ్యవారూ, నాకు తట్టలేదు.

సీమబిడ్డ, జమ్మలమడుగు:
పద్యం రాయడం నాకు ఇది రెండోసారి. తప్పులుంటే చెప్పండి.

అవ్వ యిసుక తోడి యడుగున చూడగ
చెలమలోన నూట చలువ చిందె
మనిషిలోని యాశ మట్టిలో దాగదు
ఎండినట్టి పెన్న నిండి పారె

గండికోట:
గణాలు, యతి అన్నీ సరిపోయాయి. ఏటి ఇసుకలో తోడే నీటి గుంటను చెలమ అంటాం, ఆ మాట పద్యంలో చూసి ఎన్నాళ్లయిందో!

అయ్యవారు:
మొదటి రెండు పాదాలు ఎవరికీ ఇవ్వకమ్మా, దాచుకో. మూడో పాదం దగ్గర మాత్రం నువ్వు మమ్మల్ని నమ్మలేదు. చెలమ అంటే ఆశ అని మాకు తెలియదేమోనని చెప్పేశావు. చెప్పగానే అవ్వ పోయింది, ఇసుక పోయింది, ఒక నీతివాక్యం మిగిలింది.

‘మనుచరిత్ర’ రాసిన పెద్దనను చూడు. రాయలు తనకు కోకటం లాంటి అగ్రహారాలు ఇచ్చాడని చెప్పుకున్న కవి, ఆ కోకటం మన జిల్లాలోదే. ఆ కావ్యంలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకొని హిమాలయానికి పోతాడు. మంచుకు ఆ పసరు కరిగిపోతుంది. ఇంక ఇంటికి దారి లేదు. అది నిష్ఠ కరగడమా, ఇల్లూ అగ్నిహోత్రమూ వదిలి వచ్చినందుకు ఫలమా, అతి కుతూహలానికి వచ్చిన చిక్కా అని మనం ఇప్పటికీ వాదించుకుంటున్నాం. పెద్దన ఆ మాటలేవీ అనడు. పసరు కరిగింది అంటాడు, కథ నడుపుతాడు. ముందు పసరు పసరుగా కరగాలి తల్లీ. నీ చెలమ కూడా ముందు చెలమగా ఊరాలి.

ఒక్కటి అడుగుతాను. ఆ నీళ్లు ఊరినాక మీ అవ్వ ఏం చేసింది?

సీమబిడ్డ:
మొదట వచ్చేవి బురద నీళ్లు అయ్యవారూ. వాటిని చేత్తోనే బయటికి చల్లేసేది. మళ్లీ ఊరి తేటపడేదాకా పక్కనే కూర్చునేవాళ్లం. నేను వంగి చూస్తే గట్టు విరిగి ఇసుక లోపలికి జారుతుందని కసిరేది. తేటపడినాక టెంకాయ చిప్పతో మెల్లగా ముంచి ముందు నా నోటికి పట్టేది, తరువాతే బిందెలో పోసేది.

అయ్యవారు:
మూడో పాదం నువ్వే చెప్పేశావు కదా. ఆటవెలదిలో పెట్టు.

సీమబిడ్డ:
రాత్రంతా కూర్చున్నాను. చూడండి.

అవ్వ యిసుక తోడి యడుగున చూడగ
చెలమలోన నూట చలువ చిందె
చిప్పనిండ ముంచి చిన్నదానికి పట్ట
నెండినట్టి పెన్న నిండి పారె

పినాకిని:
పెన్న మొత్తం ఒక్క చిప్పలో పారింది. మా లారీలు దీని ముందు నిలబడవు.

అయ్యవారు:
విసంధి లెక్కపెట్టమన్నా సంధి కూడా కలిపావు. మూడో పాదం మీద నాకు ఇంక మాట లేదు.