టీకా తర్వాత టకోట్సుబో: టీకా వల్లా, టెన్షన్ వల్లా?

సుజాత_సత్తుపల్లి: 2021లో మా అమ్మకి కోవిషీల్డ్ వేయించిన మర్నాడు ఛాతీ నొప్పి, ఆయాసం. ఈసీజీ తేడాగా ఉంది, రక్తంలో ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) పెరిగింది, హార్ట్ ఎటాక్ అన్నారు. యాంజియో చేస్తే ఒక్క బ్లాక్ కూడా లేదు. ఎకోలో గుండె కింది భాగం బుడగలా ఉబ్బి కదలట్లేదు. టకోట్సుబో అనే గుండె జబ్బట. టీకా వల్లేనా అంటే కాదమ్మా టెన్షన్ అని తేల్చేశారు. మరి మర్నాడే ఎందుకొచ్చింది?

ఎకో_టెక్నీషియన్: ఇది కోవిడ్‌తో పుట్టిన జబ్బు కాదండీ, 1990లోనే జపాన్‌లో రాశారు. ఎక్కువగా నెలసరి ఆగిన ఆడవాళ్లకే వస్తుంది, ఇంట్లో చావు, ఆపరేషన్, ఆస్తమా ఎటాక్, ఏదైనా చాలు, అడ్రినలిన్ లాంటివి ఒక్కసారిగా పెరిగి గుండె కండరం మొద్దుబారుతుంది. కోవిడ్ టీకాల తర్వాత కేసులు రిపోర్ట్ అయ్యాయి, ఫ్లూ టీకా తర్వాత కూడా. కోట్ల డోసుల్లో అవి చాలా తక్కువ. మర్నాడు వచ్చింది కాబట్టి టీకాయే అనలేం.

గోదారి_బాబు: మా పెదనాన్న కూడా టీకా వేసుకున్నాకే పోయారు. ఇంకేం చెప్పాలి.

లక్ష్మి_కెపీహెచ్‌బీ: ఇది మయోకార్డైటిస్, అదే గుండె కండరం వాపు కదా?

ఎకో_టెక్నీషియన్: కాదండీ. అది ఫైజర్, మోడర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాల తర్వాత ఎక్కువగా కుర్రాళ్లలో కనిపించింది. మన దగ్గర వేసినవి దాదాపు అన్నీ కోవిషీల్డ్, కోవాక్సిన్. సుజాత గారూ, ఆ వారం ఇంట్లో ఇంకేమైనా జరిగిందా?

సుజాత_సత్తుపల్లి: జరిగింది. మా బాబాయి కోవిడ్‌తో పోయారు. అయితే? అందుకని అమ్మ టెన్షన్ మనిషి అని ముద్ర వేసేస్తారా? అదే మా నాన్నకొస్తే అనేవాళ్లా? ఏఈఎఫ్ఐ ఫారం (టీకా తర్వాత వచ్చిన ఇబ్బందిని రిపోర్ట్ చేసేది) నింపండి అంటే దీనికెందుకమ్మా అని పంపేశారు!

ఎకో_టెక్నీషియన్: ప్రతిదీ టీకా ఖాతాలో రాస్తే జనం భయపడి మానేస్తారండీ. మా వార్డులో టీకా వేయించుకోని వాళ్లు ఊపిరాడక పోవడం కళ్లారా చూశాను.

సుజాత_సత్తుపల్లి: చూడండి, ఇప్పుడు బయటపడింది అసలు మాట! జనం భయపడతారని మా అమ్మకి జరిగింది రాయకూడదా?

లక్ష్మి_కెపీహెచ్‌బీ: రాయాలి. టీకా తర్వాత హాస్పిటల్లో చేరితే సీరియస్ ఏఈఎఫ్ఐ కిందే రిపోర్ట్ చేయాలి, కారణం తేల్చేది తర్వాత కమిటీ. సూది భయంతో వచ్చినదానికి కూడా అందులో వేరే కేటగిరీ ఉంది.

ఎకో_టెక్నీషియన్: రిపోర్ట్ చేయొద్దని నేననలేదు. టీకా వల్లే అని రాయమంటే మాత్రం ఒప్పుకోను. ఎకో మళ్లీ తీయించారా?

సుజాత_సత్తుపల్లి: తీయించాం, నార్మల్ వచ్చింది. డిశ్చార్జ్ కాయితంలో మాత్రం టీకా వేయించినట్టు కూడా లేదు. నేనడిగేది అదొక్కటే, మీరు దానికి తప్ప అన్నిటికీ చెప్తున్నారు.