సింగర్-సాంగ్‌రైటర్‌ని ‘వాగ్గేయకారుడు’ అనొచ్చా? స్ప్రింగ్‌స్టీన్ ఉదాహరణగా ఒక చర్చ

మొన్న అమెరికా రాక్ సంగీతకారుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ గురించి తెలుగులోకి వచ్చిన ఒక వ్యాసం చదివాను. మొదటి నుంచి చివరి దాకా ఆయన్ని ‘గాయకుడు-గేయ రచయిత’ అనే రాశారు. ఆ మధ్యలో గీత చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంది. పొద్దున ఒక ఉద్యోగం, సాయంత్రం ఇంకో ఉద్యోగం చేసే మనిషిని పరిచయం చేస్తున్నట్టుంది. అసలు లోపం అంతకన్నా పెద్దది. ఇంగ్లిషు సాంగ్‌రైటర్ మాటల్నీ, వరుసనీ రెండింటినీ కడతాడు. మన ‘గేయ రచయిత’ మాటలు మాత్రమే రాస్తాడు. కాబట్టి ఆ అనువాదంలో పాడేవాడూ ఉన్నాడు, రాసేవాడూ ఉన్నాడు, బాణీ కట్టినవాడు మాత్రం మాయమైపోయాడు.

మనకు ఈ పనికి ఒక మాట ఎప్పటినుంచో ఉంది. 13వ శతాబ్దంలో, దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్‌ఙ్గదేవుడు రాసిన సంగీత రత్నాకరంలో, ప్రకీర్ణకాధ్యాయంలో ఇలా ఉంది:

వాఙ్మాతురుచ్యతే గేయం ధాతురిత్యభిధీయతే ।
వాచం గేయం చ కురుతే యః స వాగ్గేయకారకః ॥

వాక్కును, అంటే మాటల్ని, మాతువంటారు; గేయాన్ని, అంటే ఇక్కడ వరుసను, ధాతువంటారు; రెండూ చేసేవాడు వాగ్గేయకారుడు. నిర్వచనం ఇంతే. దేవుడి పేరు లేదు, భాష పేరు లేదు, ఏ వాద్యంతో పాడాలో లేదు.

ఇక స్ప్రింగ్‌స్టీన్. 1949లో న్యూజెర్సీలోని లాంగ్ బ్రాంచ్‌లో పుట్టి, ఫ్రీహోల్డ్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. తండ్రి ఏ పనిలోనూ ఎక్కువకాలం నిలవలేదు, కొంతకాలం బస్సు నడిపాడు. తల్లి లాయరు ఆఫీసులో సెక్రటరీ, ఇల్లు గడిచింది ఎక్కువగా ఆమె జీతం మీదే. అప్పు చేసి కొడుక్కి గిటార్ కొనిచ్చింది కూడా ఆమే. అస్బరీ పార్క్ సముద్రతీరపు క్లబ్బుల్లో ఏళ్ల తరబడి వాయించి, 1972లో కొలంబియా రికార్డ్స్‌లో చేరాడు. చేర్చుకున్నది జాన్ హామండ్, అంతకు పదేళ్ల ముందు బాబ్ డిలన్‌ను చేర్చుకున్నాయనే. దాంతో పత్రికలు ‘కొత్త డిలన్’ అన్నాయి. 1973లో వచ్చిన మొదటి రెండు ఆల్బమ్‌లూ పెద్దగా అమ్ముడుపోలేదు. 1975లో ‘బార్న్ టు రన్’ వచ్చాక టైమ్, న్యూస్‌వీక్ రెండూ ఒకే వారం ఆయన బొమ్మను ముఖచిత్రంగా వేశాయి. ఆల్బమ్ పేరే ఉన్న ఆ ఒక్క పాటను రికార్డు చేయడానికే సుమారు ఆరు నెలలు పట్టింది.

శార్‌ఙ్గదేవుడు ఉత్తమ వాగ్గేయకారుడి లక్షణాలు చెబుతూ ‘అనుచ్ఛిష్టోక్తినిర్బంధః’ అంటాడు. ఇంకొకరి ఎంగిలి మాటలు తన పాటలో పడకూడదన్న పట్టుదల. మొదటి ఆల్బమ్‌లో ప్రాసల వరద పారించిన కుర్రాడు, 1978 నాటి ‘డార్క్‌నెస్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టౌన్’కి వచ్చేసరికి ఫ్యాక్టరీకి వెళ్లే తండ్రి గురించి పొట్టి పొట్టి వాక్యాల్లో పాడాడు. ‘కొత్త డిలన్’ అన్న పేరు రాలిపోయింది ఆ పొట్టి వాక్యాల వల్లేనని నా నమ్మకం.

నేను అసలు చెప్పదలచుకున్నది ఒక పాట గురించి. 1982 జనవరిలో న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో అద్దెకు తీసుకున్న ఇంట్లో, నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ ముందు కూర్చుని ఒక్కడే గిటార్‌తో పాటలు పాడుకున్నాడు. తర్వాత బ్యాండ్‌తో వాయించడానికి నమూనాలవి. ఆ క్యాసెట్‌ను జేబులో వేసుకుని తిరిగాడు. బ్యాండ్‌తో ప్రయత్నిస్తే చాలా పాటలు చచ్చిపోయాయి. చివరికి ఆ క్యాసెట్‌లో ఉన్నవాటినే ‘నెబ్రాస్కా’ పేరుతో విడుదల చేశారు. మాతువు మారలేదు. ధాతువు మీద బరువు పెరగగానే మాట వినబడకుండా పోయింది. అది ఆయన చెవికి తెలిసింది.

అదే క్యాసెట్ కాలంలో ‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.’ కూడా ఒంటరి గిటార్ పాటగా రికార్డయింది. వియత్నాం యుద్ధానికి వెళ్లి, సోదరుణ్ని పోగొట్టుకుని, తిరిగొచ్చి పని దొరక్క నిలబడ్డవాడి గోడు అది. స్ప్రింగ్‌స్టీన్ కుర్రతనంలో వాయించిన బ్యాండ్ డ్రమ్మర్ కూడా ఆ యుద్ధంలోనే చనిపోయాడు. 1984లో అదే పాట పిడుగుల్లాంటి డ్రమ్ములతో, సింథసైజర్ విజయభేరితో బయటికొచ్చింది. ఆల్బమ్‌లో ఏడు పాటలు అమెరికా టాప్ 10లోకి వెళ్లాయి. జనం పిడికిళ్లు ఎత్తి దేశభక్తి గీతంలా పాడారు. ఆ సెప్టెంబరులో అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీ ఎన్నికల సభలో ఆయన పేరు చెప్పి, ఆ పాటల్లో ఆశ ఉందన్నాడు. రెండు మూడు రోజుల తర్వాత పిట్స్‌బర్గ్ వేదిక మీద స్ప్రింగ్‌స్టీన్ దాన్ని ప్రస్తావించి, ఆటో ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయి హత్య చేసినవాడి పాట ఎత్తుకున్నాడు.

1995 తర్వాత ఒంటరి కచేరీల్లో అదే ‘బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.’ని వరుస మార్చి, కీచుమనే స్లైడ్ గిటార్‌తో పాడాడు. అప్పుడు పిడికిలి ఎత్తడానికి చోటే లేదు. తన పాటను తానే విప్పి మళ్లీ కట్టే ఈ అధికారం ఎవరికుంటుంది? మాతువూ ధాతువూ రెండూ తనవైనవాడికే. ‘గాయకుడు-గేయ రచయిత’ అన్న గీతలో ఈ సంగతి దూరదు. అందుకే ‘వాగ్గేయకారుడు’ అన్న మాట అడుగుతున్నాను.

వ్యాఖ్య: మీ ఉత్సాహం అర్థమైందండీ. కానీ వాగ్గేయకారుడు అనగానే అన్నమయ్య, త్యాగయ్య కళ్లముందు కదులుతారు. ఆ మాటకు మనం కట్టిన గుడి ఉంది. రాక్ పాటగాడికి అది వాడితే బరువు తగ్గదా?

జవాబు: క్షేత్రయ్య పదాల్లో నాయిక అలకా, విరహమూ చూడండి. ఆయన్ని వాగ్గేయకారుడు అనడానికి మనం ఎప్పుడూ వెనకాడలేదు. ఈ కాలంలో పత్రికలు గద్దర్‌నీ, వంగపండునీ ‘ప్రజా వాగ్గేయకారుడు’ అనే రాశాయి. రాసి, వరుస కట్టి, పాడారు కనుక మాట అతికింది. గుడి గౌరవం నాకూ ఉందండీ, త్యాగయ్య కృతులు వింటూనే పెరిగాను. ఆ గౌరవం ఆయా మనుషులది. మాట మాత్రం పని పేరు.

వ్యాఖ్య: బాణీ ఒకరిది, మాటలు ఒకరివి అయితే? సినిమా పాటలన్నీ అంతే కదా.

జవాబు: దానికీ సంగీత రత్నాకరంలోనే మాటుంది. ‘కుట్టికారోఽన్యధాతౌ తు మాతుకారః’. ఇంకొకరి ధాతువుకు మాతువు చేసేవాడు కుట్టికారుడు. ట్యూన్‌కి పాట రాసే మన కవులందరికీ ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే పేరు పెట్టి ఉంచాడు, చూడండి. స్ప్రింగ్‌స్టీన్ జీవితంలోనే చక్కటి ఉదాహరణ ఉంది. ‘బికాజ్ ది నైట్’కి ఆయన వరుసా పల్లవీ కట్టి, చరణాలు కుదరక పక్కన పెట్టేశాడు. పక్క స్టూడియోలో రాక్ గాయని ప్యాటీ స్మిత్ ఆల్బమ్‌కు నిర్మాతగా పనిచేస్తున్న జిమ్మీ అయోవిన్ ఆ టేపు ఆమెకు ఇచ్చాడు. ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఒక రాత్రి ఆమె చరణాలు రాసింది. 1978లో అది ఆమెకు పెద్ద హిట్. ఆ చరణాల మేరకు ప్యాటీ స్మిత్ కుట్టికారుల కోవలోకి వస్తుంది, మిగతా పాటల్లో ఆమె వాగ్గేయకర్తే.

వ్యాఖ్య: మాస్టారూ, ఇంత సంస్కృతం ఎందుకు? ‘పాట కట్టాడు’ అంటాం కదా పల్లెల్లో. కట్టడం అంటే మాటా, వరుసా రెండూ కలిసే. ‘పాటలు కట్టి పాడేవాడు’ అంటే చాలదా?

జవాబు: మీరు చెప్పింది నాకు చాలా నచ్చింది. వాక్యంలో ‘ఈ పాట స్ప్రింగ్‌స్టీన్ కట్టాడు’ అని రాయడమే అన్నింటికన్నా మంచిది, ఇకపై నేనూ అలాగే రాస్తాను. కానీ నామవాచకం కావాల్సిన చోటు ఉంటుంది. శీర్షికలో, పరిచయ వాక్యంలో ‘పాటలు కట్టి పాడేవాడు’ పొడుగవుతుంది. ‘పాటగాడు’ అంటే మళ్లీ పాడేవాడి దగ్గరే ఆగిపోతాం. క్రియకు మీ మాట, పేరుకు నా మాట పెట్టుకుందామా?

వ్యాఖ్య: ప్యాటీ స్మిత్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. స్త్రీ అయితే ఏమనాలి? ‘వాగ్గేయకారిణి’ అని చూశాను.

జవాబు: సంస్కృత వ్యాకరణం ప్రకారం కుంభకారుడికి కుంభకారీ అన్నట్టు ‘వాగ్గేయకారీ’ రావాలి. కానీ తెలుగులో కళాకారిణి స్థిరపడిపోయింది, దాని వెంటే వాగ్గేయకారిణి కూడా నడుస్తోంది. నాకు అది అభ్యంతరంగా అనిపించదు. పైన నేను ‘వాగ్గేయకర్తే’ అని తప్పించుకున్నాను, గమనించే ఉంటారు. తరిగొండ వెంగమాంబ గురించిన పాత వ్యాసాల్లో ఏ రూపం వాడారో ఎవరికైనా గుర్తుంటే చెప్పండి, అదే తీసుకుందాం.