ఒక్క కప్ప మీద నలభై ఏళ్ల పరిశోధన, అంత పని ఏముంటుంది?

చెరువుగట్టు:
నేను ఎమ్మెస్సీ జువాలజీ మొదటి సంవత్సరం. మొన్న లైంగిక వరణం (జతను ఎంచుకునే తీరు వల్ల జీవుల లక్షణాలు మారడం) పాఠంలో మైకేల్ ర్యాన్ అనే శాస్త్రవేత్త పేరు వచ్చింది. 1970ల చివర్లో పనామా వెళ్లి తుంగరా అనే చిన్న కప్ప మీద పని మొదలుపెట్టి, దాదాపు నలభై ఏళ్లు దాని వెంటే ఉన్నారట. నాకు చిన్నప్పటి నుంచి కప్పలంటే ఇష్టం, తొలకరి పడిన రాత్రి మా ఊరి చెరువు దగ్గర వాటి బెకబెకలు వింటూ మేలుకునే ఉండేదాన్ని. పీహెచ్‌డీ కూడా కప్పల మీదే చేస్తానంటే ఇంట్లో "మూడేళ్లయ్యాక ఆ కప్పలో ఇంక చూడ్డానికి ఏముంటుంది" అంటున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

రాత్రి రికార్డర్:
చెల్లీ, ముందు ఆ కప్ప ఎలా అరుస్తుందో తెలుసుకో, మిగతాదంతా అందులోంచే వచ్చింది. మూడు సెంటీమీటర్లు ఉండే మగకప్ప పైస్థాయి నుంచి కిందికి జారే కూత ఒకటి పెడుతుంది, సెకనులో మూడో వంతు ఉంటుందంతే. ఆడకప్పను రప్పించడానికి అదొక్కటీ చాలు. చుట్టూ వేరే మగకప్పలు ఉంటే మాత్రం కూత చివర "చక్" అని ఒకటో రెండో, ఒక్కోసారి ఇంకా ఎక్కువో తగిలిస్తుంది. స్పీకర్లలో రెండు రకాలూ వినిపిస్తే ఆడకప్పలు ఎక్కువగా చక్ ఉన్న వైపే గెంతుకుంటూ వెళ్లాయి. మరి అంత లాభం ఉన్నప్పుడు ఎప్పుడూ చక్ అనొచ్చు కదా, ఒంటరిగా ఉన్నప్పుడు ఎందుకు మానేస్తుంది?

దానికి జవాబు గబ్బిలం. పనామా కాలువ కోసం నదికి ఆనకట్ట కడితే నీళ్ల మధ్య దీవిగా మిగిలిన కొండ బారో కొలరాడో. అక్కడ ర్యాన్, గబ్బిలాల శాస్త్రవేత్త మెర్లిన్ టటిల్‌తో, అదే కప్ప కూతల మీద అంతకుముందు నుంచే పని చేస్తున్న స్టాన్లీ ర్యాండ్‌తో కలిసి చూస్తే, కప్పల్ని పట్టి తినే గబ్బిలాలు కూడా చక్ ఉన్న కూతకే ఎక్కువగా వస్తున్నాయి. పెళ్లాన్ని రప్పించేదీ ప్రాణం మీదికి తెచ్చేదీ ఒకే శబ్దం! 2006లో రక్తం పీల్చే చిన్న ఈగలకూ ఆ చక్ అంటేనే మక్కువని తేలింది. 2014లో ఇంకోటి: కూత పెట్టేటప్పుడు కప్ప గొంతు ఉబ్బి నీటిమీద లేచే అలలు కూడా గబ్బిలానికి ఆచూకీ చెప్తాయి. ఒక జవాబు దొరికితే దాని వెనక ఇంకో ప్రశ్న ఉంది, ఆయన అక్కడే ఉన్నారు కాబట్టి అవి కనిపించాయి.

కొండవాగు:
నాకు వీటన్నిటికంటే చెవి సంగతి గొప్పగా అనిపిస్తుంది. కప్ప లోపలి చెవిలో శబ్దం పట్టే భాగాలు రెండు ఉంటాయి, ఒకటి కూతలోని తక్కువ స్థాయిని, రెండోది చక్‌లోని ఎక్కువ స్థాయిని పట్టుకుంటుంది. ఈ రెండోది ఆ జాతి సగటు చక్ కంటే కొంచెం కిందికి శ్రుతి అయి ఉంది. పెద్ద మగకప్పల గొంతు కాస్త బొంగురు, అంటే వాటి చక్ స్థాయి తక్కువ, అందుకే అవి బాగా వినిపిస్తాయి. ఈక్వడార్‌లో దీని దగ్గరి చుట్టం ఇంకో కప్ప ఉంది, దాని మగవాటికి చక్ అనడమే రాదు, కానీ చెవి ఇంచుమించు ఇదే శ్రుతిలో ఉంది. వాటి కూతకు చక్ అతికించి వినిపిస్తే ఆడవి అటే మొగ్గాయని 1990లో ర్యాన్ బృందం రాసింది. అంటే ఇష్టం ముందు, చక్ తర్వాత పుట్టాయన్నది వాళ్ల వాదన. అయితే తర్వాత వేరేవాళ్లు చుట్టం జాతుల మీద చేసిన పరీక్షల్లో అన్నిచోట్లా ఇదే ఫలితం రాలేదు, కాబట్టి దీన్ని తీరిపోయిన విషయంగా చదవొద్దు. నువ్వు చేయగలిగిన పని అక్కడ చాలా ఉంది.

మడుగు:
మన దేశంలో ఎస్.డి. బిజూ గారి పని కూడా చూడమ్మా. మొదట చదివింది వృక్షశాస్త్రం, తర్వాత కప్పల వైపు వచ్చారు. 2003లో పడమటి కనుమల ఊదారంగు కప్పను లోకానికి చెప్పిన ఇద్దరిలో ఆయన ఒకరు, అది ఏడాదిలో ఎక్కువ రోజులు భూమిలోనే ఉండి వానలకు మాత్రం పైకి వస్తుంది. ఒక్కటి మాత్రం ముందే చెప్తున్నా, ఇది రాత్రిపూట పని, వానలో పని, ఇంట్లో దాని గురించి ఇప్పుడే మాట్లాడుకో.

చెరువుగట్టు:
అందరికీ థాంక్స్. చెవి సంగతి అమ్మకు చదివి వినిపించాను, "మరి మన చెరువులో కప్పలు ఒకదాని తర్వాత ఒకటి ఎందుకు అందుకుంటాయి" అని తనే అడిగింది. ఈ వానాకాలం ఫోన్‌లో రికార్డ్ చేయడం మొదలుపెడతాను. టైముతో పాటు ఇంకేం రాసుకోవాలి?

రాత్రి రికార్డర్:
తేదీ, వేళ, గాలి వేడి, నీటి వేడి, వాన పడి ఎన్ని గంటలైంది, కప్పకు ఫోన్ ఎంత దూరంలో ఉంది. వేడిని బట్టి కూత వేగం మారుతుంది, అది రాయకపోతే రెండు రాత్రుల్ని పోల్చలేవు. చెరువు దగ్గరికి ఒక్కదానివే వెళ్లకు, పాములుంటాయి, బూట్లు వేసుకో.